మఫిన్ ట్రేలో ఫ్రెంచ్ టోస్ట్: ముందు రొట్టె ఆరాలి

"పైన చక్కగా ఎర్రబడింది. తీసి చూస్తే అడుగున ఆమ్లెట్టు పొర, మధ్యలో తడి ముద్ద. ఎందుకిలా అవుతోంది?" బరంపురం నుంచి, పర్లాకిమిడి నుంచి, ఇటు ఇచ్ఛాపురం, పలాస నుంచి కూడా మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న ఇది. గుడ్లు ఎక్కువయ్యాయేమో, వేడి చాల్లేదేమో అని అనుమానపడతారు. చాలాసార్లు తప్పు ఆ రెంటిలోనూ ఉండదు, రొట్టెలో ఉంటుంది.

ఫ్రెంచివాళ్లు ఈ వంటకాన్ని పెన్ పెర్దూ అంటారు, అంటే పనికి రాకుండా పోయిన రొట్టె. ఎండి గట్టిపడ్డ రొట్టెను పాలలో, గుడ్డులో నానబెట్టి మళ్లీ తినేలా చేసుకునే ఉపాయం అది. అందుకే ఎక్కడ చూసినా "నిన్నటి రొట్టె వాడండి, రాత్రంతా బయట వదిలేయండి" అని రాసి ఉంటుంది. పొడిగాలి ఉన్న ఊళ్లలో అది సరిపోతుంది. గోపాల్‌పూర్ నుంచి పలాస దాకా ఉన్న సముద్రపు గాలిలో రాత్రి బయట పెట్టిన రొట్టె తెల్లారేసరికి ఆరదు, మెత్తబడి సాగుతుంది. వానాకాలమైతే రెండో రోజుకే బూజు కనిపిస్తుంది. కాబట్టి మనం రొట్టెను గాలికి వదలకూడదు, వేడి మీద ఆరబెట్టాలి. ఈ ఒక్క పని సరిగ్గా చేస్తే మిగతా పనిలో కష్టమేమీ లేదు.

కావలసినవి (ఆరు గుంతల ట్రేకి, ఒక వాయి)

ఇళ్లలో ఉండే చిన్న ఓటీజీలో (కరెంటు ఓవెన్ టోస్టర్ గ్రిల్లర్) ఆరు గుంతల ట్రే పడుతుంది కాబట్టి కొలతలు దానికే ఇస్తున్నాం. పన్నెండు గుంతలకైతే అన్నీ రెట్టింపు చేయండి.

- రొట్టె 180 గ్రాములు (400 గ్రాముల పొట్లంలో సగానికి కొంచెం తక్కువ)
- ఫారం కోడిగుడ్లు 3. పెంకు తీశాక మూడూ కలిపి 140 నుంచి 150 గ్రాములు ఉండాలి. నాటు గుడ్లు చిన్నవి, 4 పడతాయి.
- పాలు 200 మిల్లీలీటర్లు
- పంచదార 3 పెద్ద చెంచాలు (దాదాపు 40 గ్రాములు), పైన చల్లడానికి మరో 2 చిన్న చెంచాలు
- కరిగించిన నెయ్యి లేదా వెన్న 1 పెద్ద చెంచా, ట్రేకి రాయడానికి మరొకటి
- ఉప్పు ఒక చిటికెడు
- దాల్చిన చెక్క పొడి అర చిన్న చెంచా, లేదా ఏలకుల పొడి పావు చిన్న చెంచా
- వెనిల్లా ఎసెన్స్ అర చిన్న చెంచా (లేకపోయినా ఫరవాలేదు)
- జీడిపప్పు ముక్కలు 2 పెద్ద చెంచాలు. పలాస దగ్గరుంది కదా అని గుండ్లు కొనక్కర్లేదు, పగిలిన ముక్కలే ఇందులో బాగుంటాయి, ధరా తక్కువ.

పాల విషయం: కొవ్వు 6 శాతం ఉండే ఫుల్ క్రీమ్ పాలు మేలు. టోన్డ్ పాలలో 3 శాతమే ఉంటుంది. అవి వాడితే నెయ్యి ఇంకో చిన్న చెంచా పెంచండి. పాలు కాచి చల్లార్చినవే కావాలి, గోరువెచ్చగా ఉంటే ఇంకా మంచిది.

ఏ రొట్టె?

ముక్కలు కోయని దిమ్మ రొట్టె దొరికితే అదే తీసుకోండి. ఒడియా దుకాణాల్లో పావురుటి అని అడిగి, కోయకుండా ఇమ్మని చెప్పండి. దాన్ని మీకు కావలసిన మందంలో కోసుకోవచ్చు. శాండ్‌విచ్ కోసం పలచగా కోసిన రొట్టె పాలు తగలగానే పిప్పి అవుతుంది. అదొక్కటే ఉంటే రెండేసి ముక్కలు ఒకదానిమీద ఒకటి పెట్టి కోయండి, నానబెట్టే సమయం సగానికి తగ్గించండి. తీపి బన్నులు, మిల్క్ బ్రెడ్ కూడా పనికొస్తాయి, కానీ పంచదార 2 పెద్ద చెంచాలకు తగ్గించాలి. లేకపోతే లోపల ఉడికే లోపు పైన మాడుతుంది. గోధుమ రొట్టె నెమ్మదిగా పీలుస్తుంది, అయిదు నిమిషాలు ఎక్కువ నాననివ్వండి.

అంచులు కోసి పారేయొద్దు. గుంతలో ఆకారం నిలబెట్టేవి, కరకరలాడేవి ఆ అంచులే.

బూజు పట్టిన రొట్టెలో బాగున్న భాగం ఏరుకుని వాడదామనుకోకండి. మెత్తటి రొట్టెలో బూజు కంటికి కనిపించినంత మేరకే ఉండదు. మొత్తం పారేయాలి.

చేసే విధానం

1. రొట్టెను 2 సెంటీమీటర్ల ఘనాలుగా కోయండి. అంటే బొటనవేలి గోరుకన్నా కొంచెం పెద్దవి. ఇంతకన్నా చిన్నవైతే ముద్దవుతాయి, పెద్దవైతే గుంతలో సందులు మిగిలి, ఆ సందుల్లో గుడ్డు పాలు చేరి ఆమ్లెట్టులా గట్టిపడతాయి.

2. ఆరబెట్టండి. ఓటీజీ 120 డిగ్రీలు, రెండు రాడ్లూ వెలిగేలా పెట్టి, ముక్కలు ఒకే వరసలో పరిచి 12 నుంచి 15 నిమిషాలు ఉంచండి. మధ్యలో ఒకసారి కలపండి. రంగు మారకూడదు. పైన గరుకుగా, నొక్కితే లోపల కొంచెం మెత్తగా ఉంటే చాలు. తూకం ఉంటే చూసుకోండి: 180 గ్రాములు 150 దగ్గరికి రావాలి. ఓటీజీ లేకపోతే మందపాటి మూకుట్లో సన్న సెగ మీద 8 నుంచి 10 నిమిషాలు కదుపుతూ వేయించండి. చల్లారాక వెంటనే వాడండి, లేదా గాలి చొరని డబ్బాలో పెట్టి మూత బిగించండి. బయట పళ్లెంలో వదిలేస్తే గంటలో మళ్లీ మెత్తబడిపోతాయి, పడ్డ కష్టమంతా పోతుంది.

3. పంచదార, ఉప్పు, దాల్చిన చెక్క పొడి ముందు పొడిగానే కలపండి. దాల్చిన చెక్క పొడిని నేరుగా పాలలో వేస్తే కలవదు, ఉండలు కట్టి పైన తేలుతుంది. పంచదారతో కలిపితే ఆ బాధ లేదు.

4. ఆ పంచదారలో గుడ్లు కొట్టి గిలకొట్టండి. తెల్లసొన తీగలు కనిపించకూడదు. కాల్చాక టోస్టులో తెల్లటి రబ్బరు ముక్కల్లా పంటికి తగిలేవి ఆ తీగలే. అనుమానముంటే వడకట్టండి. నురగ వచ్చేంత గట్టిగా కొట్టక్కర్లేదు.

5. పాలు పోసి, వెనిల్లా, చివర్న నెయ్యి కలపండి. నెయ్యి పోసేటప్పుడు పాలు చల్లగా ఉండకూడదు. కొరాపుట్, జయపురం వైపు చలికాలం పొద్దున్న కరిగిన నెయ్యి చల్లటి పాలలో పడితే క్షణంలో పూసలు కడుతుంది. అలా అయితే గిన్నెను వేడినీళ్ల పళ్లెంలో రెండు నిమిషాలు ఉంచి కలపండి. పొయ్యి మీద మాత్రం పెట్టకండి, గుడ్డు ఉడికిపోతుంది.

6. ఆరిన రొట్టె ముక్కలు వేసి, అట్లకాడతో కింద నుంచి పైకి నెమ్మదిగా తిప్పండి. 10 నుంచి 12 నిమిషాలు నాననివ్వండి, మధ్యలో ఇంకోసారి తిప్పండి. ఇక పరీక్ష: అన్నిటికన్నా పెద్ద ముక్క తీసి మధ్యకి కోయండి. లోపల తెల్లగా పొడిగా కనిపిస్తే ఇంకో మూడు నిమిషాలు. గిన్నెను వంచి చూడండి. అడుగున రెండు మూడు చెంచాల పాలు చేరితే సరిగ్గా ఉంది. అర గ్లాసు నిలిచి ఉంటే రొట్టె సరిగా ఆరలేదు, లేదా తక్కువైంది. మరో రొట్టె ముక్క తుంపి వేసి అయిదు నిమిషాలు ఆగండి.

7. ఈలోగా ఓటీజీని 180 డిగ్రీలకు పెట్టి పది నిమిషాలు వేడెక్కనివ్వండి. ట్రే గుంతలకు నెయ్యి ధారాళంగా రాయండి. గుంతల అంచులకీ, ట్రే పైభాగానికీ కూడా రాయాలి, ఎందుకంటే పొంగి అంటుకునేది అక్కడే. కాగితం కప్పులు పెట్టవచ్చా అని చాలామంది అడుగుతారు. మామూలు కాగితం కప్పులు ఈ తడికి అంటుకుపోతాయి, సగం టోస్టు కాగితంతో పోతుంది. సిలికాన్ కప్పులుంటే వాడండి.

8. ఒక్కో గుంతలో దాదాపు 90 గ్రాముల మిశ్రమం పడుతుంది. అంచుకు మించి కొంచెం గుట్టగా ఉండాలి. చెంచా వెనకతో తేలిగ్గా తట్టండి, అదిమి కుక్కకండి. కుక్కితే లోపలికి వేడి చేరదు, అట్టముక్కలా వస్తుంది. గిన్నెలో మిగిలిన పాలను అన్నిటికీ సమంగా చెంచాతో పంచండి. జీడిపప్పు, పంచదార పైన చల్లండి. ఏదైనా గుంత ఖాళీగా మిగిలితే అందులో మూడోవంతు నీళ్లు పోయండి, లేకపోతే ఆ చోట నెయ్యి మాడి పొగ వస్తుంది.

9. మధ్య ర్యాక్ మీద 22 నుంచి 25 నిమిషాలు. 15 నిమిషాలకు ట్రేని వెనక్కి ముందుకి తిప్పి పెట్టండి. చిన్న ఓటీజీల్లో ఒక పక్క వేడి ఎక్కువ ఉంటుంది. పైన ముందే ఎర్రబడుతుంటే కింది ర్యాక్ మీదికి దించండి, లేదా పైన అల్యూమినియం రేకు కప్పండి.

10. బయటికి తీసి ట్రేలోనే 7, 8 నిమిషాలు వదిలేయండి. పొంగినది కొంచెం కుంగుతుంది, అది సహజం, చెడిపోయిందని కంగారుపడొద్దు. ఆ తర్వాత సన్నటి చాకు అంచు చుట్టూ తిప్పి ఎత్తండి. వేడి మీదే లాగితే అడుగు ఊడి ట్రేలో ఉండిపోతుంది. అరగంట వదిలేసినా తప్పే, ఆవిరి లోపలే నిలిచి అడుగు చెమరుస్తుంది.

ఉడికిందో లేదో ఎలా తెలుస్తుంది?

రంగు చూసి నమ్మకండి. పైన చల్లిన పంచదార తొందరగా ఎర్రబడి మోసం చేస్తుంది. మధ్య గుంతలో ఉన్నదాన్ని ఎంచుకుని నడిమధ్యలో చాకు దించి, చాకు పక్కనుంచి నొక్కండి. పాలలాంటి తడి ఊరితే ఉడకలేదు, ఇంకో నాలుగు నిమిషాలు పెట్టండి. చాకు తడిగా ఉన్నా దానిమీద పాల చార లేకపోతే అయినట్టే. వంట థర్మామీటరు ఉంటే మధ్యలో 72 డిగ్రీలు దాటాలి. గుడ్డున్న వంటకు అది భద్రమైన వేడి. 85 దాటనిస్తే గుడ్డు బిగుసుకుని నీరు వదులుతుంది, కోస్తే స్పంజిలా చిల్లులు కనిపిస్తాయి.

వంటకం అదే, మనిషీ అదే, అయినా సాయంత్రం చేస్తే ఉడకడం లేదనేవాళ్లు వోల్టేజీ చూసుకోవాలి. 230 వోల్టుల మీద 1500 వాట్లు ఇచ్చే ఓటీజీ, 200 వోల్టులకు పడిపోతే దాదాపు 1130 వాట్లే ఇస్తుంది. అంటే నాలుగోవంతు వేడి పోయినట్టు. వేడెక్కించే సమయం 15 నిమిషాలకు, కాల్చే సమయం 30 నిమిషాలకు పెంచండి. మధ్యలో కరెంటు పోతే తలుపు తీయకండి. పది నిమిషాల్లో వస్తే అక్కడినుంచి కొనసాగించవచ్చు. రాకపోతే కింద చెప్పిన మూకుడు పద్ధతికి మారండి.

ఓటీజీ లేకపోతే, కరెంటు లేకపోతే

2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుఫాన్లు చూసిన తీరం ఇది. గ్యాస్ మీద చేసే దారి కూడా తెలిసి ఉండాలి.

అన్నిటికన్నా బాగా కుదిరేది గుంతపొంగనాల పెనం. రొట్టెను ఒక సెంటీమీటరు ముక్కలుగా కోసి, పైన చెప్పినట్టే ఆరబెట్టి నానబెట్టండి. చిన్న ముక్కలు కాబట్టి ఆరడానికి 8 నిమిషాలు, నానడానికి 6 నిమిషాలు చాలు. గుంతల్లో నెయ్యి వేసి, మిశ్రమం నింపి, మూత పెట్టి సన్న సెగ మీద 5 నిమిషాలు. పుల్లతో తిప్పి మూత లేకుండా మరో 3 నిమిషాలు. చుట్టూ కరకరలాడుతూ వస్తాయి. పిల్లలకు ఇవే ఎక్కువ నచ్చుతాయి. మంట పెంచితే పైన నలుపు, లోపల పచ్చి. ఓపిక పట్టాలి.

రెండో దారి మందపాటి మూకుడు. అడుగున ఒక అంగుళం మందం ఉప్పు పోసి, చిన్న స్టాండు పెట్టి, మూతతో పది నిమిషాలు మధ్య సెగ మీద వేడెక్కించండి. నెయ్యి రాసిన చిన్న స్టీలు గిన్నెల్లో మిశ్రమం నింపి లోపల పెట్టి, మూత వేసి 25 నుంచి 30 నిమిషాలు. ఇందులో పైభాగం ఎర్రబడదు. తీసి పెనం మీద బోర్లించి ఒక నిమిషం కాల్చుకోవాలి. ఇడ్లీ పాత్రలో ఆవిరికి పెట్టొచ్చా అంటే, ఉడుకుతుంది గానీ అది టోస్టు కాదు, పుడ్డింగు.

కన్వెక్షన్ మైక్రోవేవ్ ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక: లోహపు ట్రే కన్వెక్షన్ మోడ్‌లో మాత్రమే పెట్టాలి. మైక్రోవేవ్ మోడ్‌లో గానీ, రెండూ కలిసే మోడ్‌లో గానీ పెడితే నిప్పురవ్వలు లేస్తాయి. 170 డిగ్రీలు, 20 నిమిషాలు సరిపోతుంది.

గుడ్డు తినని రోజుల్లో

కార్తీకంలోనూ, మార్గశిర గురువారాల్లోనూ ఇక్కడి చాలా ఇళ్లలో గుడ్డు ముట్టరు. కస్టర్డ్ పొడితో చేయండి. అందులో ప్రధానంగా ఉండేది మొక్కజొన్న పిండి. అయినా పొట్లం మీద ఒకసారి చదువుకోండి.

పాలు 300 మిల్లీలీటర్లు తీసుకుని, అందులో పావు గ్లాసు చల్లటి పాలలో రెండున్నర పెద్ద చెంచాల కస్టర్డ్ పొడి ఉండలు లేకుండా కలపండి. మిగతా పాలు పంచదారతో కాగాక ఇది పోసి, చెంచా వెనక పూతలా నిలిచేదాకా తిప్పండి. దించి, వేలు పెట్టగలిగేంత చల్లారాక 2 పెద్ద చెంచాల నెయ్యి, 150 గ్రాముల ఆరిన రొట్టె వేసి అయిదు నిమిషాలే ఉంచండి. 180 డిగ్రీల మీద 20 నిమిషాలు. ఇక్కడ ఓపిక తీశాక కావాలి: 15 నిమిషాలు చల్లారితేనే గట్టిపడుతుంది, ముందే తీస్తే విడిపోతుంది. కస్టర్డ్ పొడిని ఉడికించకుండా పచ్చిగా కలిపితే పిండి అంతా అడుగుకు దిగిపోతుంది.

కొన్ని మార్పులు, వాటి చిక్కులు

అనాసపండు. సీతంపేట ఏజెన్సీ అనాసలు వచ్చే రోజుల్లో అందరికీ వేయాలనిపిస్తుంది. పచ్చి ముక్కలు మాత్రం వేయకండి. అందులో బ్రోమెలిన్ అనే పదార్థం పాలు, గుడ్డులోని మాంసకృత్తులను విరగ్గొడుతుంది. మిశ్రమం గడ్డకట్టదు, చేదెక్కుతుంది. చిన్న ముక్కలు కోసి చెంచాడు పంచదారతో అయిదారు నిమిషాలు ఉడికించి, రసం వంపేసి, చల్లార్చి వేయండి. అప్పుడు ఏ ఇబ్బందీ లేదు. అరటిపండుకు ఈ గొడవ లేదు గానీ, గుంతకు రెండు చక్రాలకన్నా ఎక్కువ వేస్తే మధ్య భాగం తడిగా ఉండిపోతుంది.

బెల్లం. 45 గ్రాముల బెల్లం రెండు చెంచాల నీళ్లలో కరిగించి, ఇసుక పోయేలా వడకట్టి, పూర్తిగా చల్లార్చి, ముందు గుడ్లలో కలపండి, ఆ తర్వాతే పాలు. వేడి బెల్లం వేడి పాలలో పోస్తే విరిగిపోతాయి. బెల్లంతో చేసినవి ముదురు రంగులో ఉంటాయి, అందుకని ఉడికిందో లేదో చాకుతోనే చూడాలి.

ఛెన్నా. అంటే పాలు విరగ్గొట్టి తీసిన ముద్ద. దాన్ని కాల్చి చేసే ఒడియా మిఠాయి ఛెన్నాపోడ రుచి తెలిసిన నాలుకకు ఇది తప్పక నచ్చుతుంది. 100 గ్రాముల ఛెన్నాను గుడ్డలో పిండి నీరంతా తీసేయండి. చెంచా పంచదార, చిన్న చెంచా బొంబాయి రవ్వ, ఏలకుల పొడి కలిపి మెత్తగా మర్దించండి. గుంతలో సగం రొట్టె వేసి, మధ్యలో చిన్న ఉండంత ఛెన్నా పెట్టి, పైన మిగతా రొట్టె కప్పండి. మరో నాలుగైదు నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఛెన్నాలో నీరు మిగిలితే మొదట చెప్పిన తడి ముద్దే మళ్లీ ఎదురవుతుంది.

పొద్దున్న బడి టైముకి అందాలంటే

రెండు దారులున్నాయి. రాత్రే నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోవడం ఒకటి. అలాగైతే పాలు 180 మిల్లీలీటర్లకు తగ్గించి, స్టీలు గిన్నెలో మూత పెట్టి ఉంచండి. ట్రేలో నింపి ఉంచొద్దు, రాసిన నెయ్యి పేరుకుని పొద్దున్న అంటుకుంటుంది. చల్లటి మిశ్రమం కాబట్టి కాల్చే సమయం 5 నుంచి 7 నిమిషాలు పెరుగుతుంది.

రెండో దారి మరింత తేలిక: ఆదివారం రెండు వాయిలు కాల్చి దాచుకోవడం. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి, వెచ్చగా మూత పెడితే లోపల చెమట పడుతుంది. బయట రెండు గంటలకు మించి ఉంచకండి. ఫ్రిజ్‌లో మూడు రోజులు, ఫ్రీజర్‌లో విడివిడిగా గడ్డకట్టించి సంచిలో వేస్తే నెల. ఫ్రిజ్ నుంచి తీసినవి 160 డిగ్రీల మీద 8 నిమిషాలు, ఫ్రీజర్ నుంచి తీసినవి 180 మీద 12 నుంచి 15 నిమిషాలు. మైక్రోవేవ్‌లో 30, 40 సెకన్లు చాలు, కానీ పైన కరకర ఉండదు. పెనం మీద మూత పెట్టి సన్న సెగన రెండు పక్కలా మూడేసి నిమిషాలు వెచ్చబెడితే ఆ కరకర తిరిగి వస్తుంది. కరెంటు పోయి ఫ్రిజ్ నాలుగు గంటలకు మించి ఆగిపోతే, గుడ్డూ పాలూ ఉన్న వంటకం కాబట్టి, వాసన బాగానే ఉన్నా పారేయండి.

బాక్సులో పెట్టేటప్పుడు తేనె గానీ పాకం గానీ పైన పోయకండి, తినే వేళకి నానిపోతాయి. చిన్న డబ్బాలో విడిగా ఇవ్వండి. ఏడాది నిండని పసిపిల్లలకు తేనె అసలు పెట్టకూడదు.